కొయ్యపై వెలుగును చెక్కిన గ్వెన్ రావెరా

అక్షరం ఆలోచనను అందిస్తుంది. చిత్రం ఆ ఆలోచనకు రూపాన్ని కల్పిస్తుంది. ఈ రెండూ ఒకే పుటలో పొందికగా అమరినప్పుడు గ్రంథానికి నిండుదనం సమకూరుతుంది. రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలంలో, అంటే 1918 నుండి 1939 వరకు, బ్రిటన్‌లో వెలువడిన అనేక గ్రంథాలకు, పత్రికలకు ఇటువంటి నిండుదనాన్ని ప్రసాదించిన కళ కొయ్యచెక్కడం. దీనినే ఇంగ్లీషులో వుడ్ ఎన్‌గ్రేవింగ్ అంటారు. అరచేతిలో ఇమిడే కొయ్యదిమ్మపై సన్నని ఉలితో బొమ్మను చెక్కి, సిరా పూసి, కాగితంపై అద్దే కళ ఇది. యంత్రాల ధాటికి మరుగునపడిన ఈ కళకు మళ్ళీ ప్రాణం పోసిన తొలితరం కళాకారులలో గ్వెన్ రావెరా అగ్రగణ్యురాలు. ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌కు ఆమె స్వయానా మనుమరాలు. తాతగారి కీర్తి లోకమంతటా వ్యాపించి ఉన్నా, ఆమె ఆ కీర్తిని ఆశ్రయించక తన చేతి పనితోనే తన పేరును నిలుపుకున్నది.

గ్వెన్ 1885 ఆగస్టు 26న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో జన్మించింది. తండ్రి జార్జి డార్విన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యుడు. సముద్రపు ఆటుపోట్లను గురించి విశేష పరిశోధనలు చేసిన పండితుడు. తల్లి మాడ్ డ్యుపై అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన వనిత. కామ్ నది ఒడ్డున ఉన్న న్యూన్‌హామ్ గ్రేంజ్ అనే విశాలమైన గృహంలో గ్వెన్ బాల్యం గడిచింది. ఆమె పుట్టడానికి మూడేళ్ళ ముందే, 1882లో, తాత చార్లెస్ డార్విన్ మరణించాడు. అయినా ఆయన నివసించిన డౌన్ గ్రామంలోని ఇల్లు, అక్కడి తోట, నాయనమ్మ ఎమ్మా ఆప్యాయత ఆ బాలిక మనస్సులో చెరగని ముద్ర వేశాయి. నది, పడవలు, వంతెనలు, చెట్లు, నీటిపై తేలియాడే నీడలు ఆమెకు తొలి పాఠ్యపుస్తకాలు. చూసిన ప్రతి దృశ్యాన్నీ గీయాలనే తపన ఆమెకు చిన్ననాటినుండే ఉండేది.

ఆ రోజులలో ఆమెను అమితంగా ఆకర్షించిన కళాకారుడు థామస్ బ్యూయిక్. ఆయన 1753లో ఉత్తర ఇంగ్లండులో జన్మించి 1828లో మరణించిన చెక్కడపు పనివాడు. బ్రిటన్‌లోని పక్షులను గురించి 1797లోను, 1804లోను ఆయన వెలువరించిన రెండు సంపుటాలు కొయ్యచెక్కడపు కళకు మేలిబంతులు. ప్రకరణం ముగిసినచోట మిగిలిన ఖాళీలో ఆయన చిన్న చిన్న గ్రామీణ దృశ్యాలను చెక్కేవాడు. వానలో తడిసే బాటసారి, వాగు దాటే రైతు, చేపలు పట్టే వృద్ధుడు ఆ చిట్టి బొమ్మలలో సజీవంగా కనిపిస్తారు. వాటిని చూసి బాలిక గ్వెన్ మైమరచేది. తాను బ్యూయిక్ భార్యగా పుట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఊహించుకొనేది. ఆయనకు చక్కగా వంట చేసిపెట్టి, బట్టలు కుట్టి, పిల్లలను సాకితే, ఎప్పుడైనా ఒక చిన్న బొమ్మను చెక్కడానికి తనకు అనుమతి ఇవ్వకపోతాడా అని ఆమె ఆశ. ఈ ఊహ వినడానికి ముచ్చటగా తోచినా, దానిలో ఆనాటి స్త్రీల స్థితి దాగి ఉన్నది. కళాకారుని ఇంట పరిచర్య చేస్తేనే తప్ప కళ తన చేతికి అందదని ఒక తెలివైన బాలిక భావించవలసిన కాలమది. ఆ బాలికే పెరిగి పెద్దదై, ఎవరి అనుమతీ కోరకుండా, వందలాది బొమ్మలను స్వయంగా చెక్కింది. ఆమె జీవితంలోని విశిష్టత అంతా ఇక్కడే ఉన్నది.

ఆమె సాధనను అర్థం చేసుకోవాలంటే ఈ కళలోని పనితీరును కొంత తెలుసుకోవాలి. కొయ్యపై బొమ్మలు చెక్కి అచ్చువేయడం ప్రాచీనమైన విద్య. పూర్వం చెట్టు మానును నిలువుగా కోసిన పలకపై కత్తితో బొమ్మను చెక్కేవారు. నారవెంట సాగే ఆ చెక్కపై మరీ సన్నని గీతలు నిలిచేవి కావు. మానును అడ్డంగా కోస్తే వచ్చే ముఖం ఎంతో గట్టిగా, నున్నగా ఉంటుంది. బాక్స్‌వుడ్ అనే చెట్టు కొయ్య ఇందుకు శ్రేష్ఠం. అది నెమ్మదిగా పెరిగే చిన్న చెట్టు కనుక దాని దిమ్మలు కూడా చిన్నవే. లోహంపై నగిషీ చెక్కేవారు వాడే సన్నని ఉలితో ఈ దిమ్మపై వెంట్రుకవంటి గీతలను సైతం తీయవచ్చు. బ్యూయిక్ ఈ విధానాన్ని పరిపూర్ణ స్థితికి తెచ్చాడు.

దిమ్మపై ఉలి తాకని భాగమంతా సిరాను గ్రహించి కాగితంపై నల్లగా అచ్చవుతుంది. ఉలి తొలగించిన భాగం మాత్రం తెల్లగా మిగులుతుంది. రబ్బరు ముద్రలో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలే కాగితంపై పడినట్లు ఇక్కడ కూడా జరుగుతుంది. చిత్రకారుడు తెల్లని కాగితంపై నల్లని గీతలు గీస్తాడు. కొయ్య చెక్కే కళాకారుడు అందుకు భిన్నంగా చీకటినుండి వెలుగును వెలికితీస్తాడు. ప్రతి ఉలిపోటూ ఒక వెలుగు రేఖ. బొమ్మను కుడియెడమలు మార్చి చెక్కాలి. ఒకసారి తెగిన కొయ్యను తిరిగి అతికించడం దుస్సాధ్యం కనుక చేయి తొణకరాదు. దిమ్మ ఎత్తును అచ్చు అక్షరాల ఎత్తుకు సమానంగా తయారుచేస్తారు. అందువల్ల అక్షరాలనూ బొమ్మనూ ఒకే చట్రంలో బిగించి ఒకేసారి ముద్రించవచ్చు. పుటలో అక్షరాల నలుపు, బొమ్మ నలుపు ఏకరూపంగా ఉండి కంటికి ఇంపు కలిగిస్తాయి.

పందొమ్మిదో శతాబ్దంలో సచిత్ర పత్రికలకు గిరాకీ పెరగడంతో కొయ్యచెక్కడం ఒక పెద్ద పరిశ్రమగా మారింది. చిత్రకారుడు ఒకరు బొమ్మ గీస్తే, దానిని మరొకరు గీతకు గీత అనుసరిస్తూ చెక్కేవారు. డాల్జియల్ సోదరుల వంటివారి కార్యశాలలలో ఎందరో పనివారు రేయింబవళ్ళు శ్రమించేవారు. వారి నైపుణ్యం గొప్పదే కాని, సొంత భావానికి అక్కడ చోటు లేదు. శతాబ్దం చివరకు ఛాయాచిత్ర సహాయంతో లోహపు అచ్చులను తయారుచేసే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. దానితో ఆ పనివారి అవసరం తీరిపోయింది. ఒక వృత్తిగా కొయ్యచెక్కడం క్షీణించిపోయిన ఆ సమయంలోనే కొందరు కళాకారులు దానిని కొత్త దృష్టితో చూశారు. ఇతరుల బొమ్మలకు నకలు తీయడం మాని, తాము ఊహించిన బొమ్మను తామే చెక్కాలని సంకల్పించారు. లండన్‌లో నోయెల్ రూక్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు ఈ మార్గాన్ని బోధించాడు. గ్వెన్ మాత్రం అటువంటి బృందాలలో వేటికీ చెందక తన దారిని తానే వెదుక్కున్నది.

ఆనాటి కేంబ్రిడ్జిలో విద్యావంతుల కుటుంబాలలో సైతం ఆడపిల్లల చదువుకు ఎన్నో హద్దులు ఉండేవి. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తిస్థాయి పట్టాలు ఇవ్వడం 1948లో గాని ప్రారంభం కాలేదు. చిత్రకళనే వృత్తిగా స్వీకరించాలన్న కోరిక ఒక ఆచార్యుని కుమార్తెకు అసాధారణమైనది. అయినా గ్వెన్ పట్టు విడువలేదు. 1908లో, తన ఇరవై మూడవ ఏట, లండన్‌లోని స్లేడ్ చిత్రకళా పాఠశాలలో ప్రవేశించింది. ఆ పాఠశాల 1871లో స్థాపితమైన నాటినుండి స్త్రీలకు కూడా ప్రవేశం కల్పించింది. అక్కడ ఆమె రేఖాచిత్రణంలోను, వర్ణచిత్రణంలోను శిక్షణ పొందింది.

ఆమెకు కొయ్యచెక్కడంలో తొలి పాఠాలు నేర్పిన గురువు సొంత బంధువే కావడం విశేషం. పినతండ్రి కుమారుడైన బెర్నార్డ్ డార్విన్ భార్య ఎలినార్ స్వయంగా చిత్రకారిణి, చెక్కడపు పని తెలిసిన వ్యక్తి. ఆ వదిన చేతిలోని ఉలిని చూసి, పనిముట్లను పట్టుకొనే తీరు తెలుసుకొని, గ్వెన్ సాధన ఆరంభించింది. బాల్యంలో కలగన్న కళ చివరకు ఒక స్త్రీ ద్వారానే ఆమెకు సంక్రమించింది. ప్రాథమిక సూత్రాలు తెలిసిన తరువాత మిగిలినదంతా ఆమె తన అనుభవంతోనే నేర్చుకున్నది. జానపద గాథలలోని ఘట్టాలను, పల్లెటూరి దృశ్యాలను ఎంచుకొని, ఒక్కొక్క దిమ్మతో తన చేతిని దిద్దుకున్నది.

1911లో ఆమె జాక్ రావెరాను వివాహమాడింది. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. గణితశాస్త్రం చదవడానికి కేంబ్రిడ్జికి వచ్చి, చిత్రకళపై మక్కువతో ఆ చదువును వదలిపెట్టిన రసజ్ఞుడు. ఒకే కళను ప్రేమించిన ఆ దంపతుల జీవితం ఆనందంగా ఆరంభమైనా, విధి వారికి అనుకూలించలేదు. జాక్‌ను నరాలకు సంబంధించిన తీవ్రవ్యాధి ఆవహించింది. క్రమంగా కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పే ఆ వ్యాధికి ఆనాడు చికిత్స లేదు. భర్తకు సేవ చేస్తూ, 1916లోను 1919లోను జన్మించిన ఇద్దరు కుమార్తెలను పెంచుతూ, గ్వెన్ తన కళాసాధనను ఆపలేదు. పెద్ద వర్ణచిత్రానికి విశాలమైన గది, ఎడతెగని సమయం కావాలి. కొయ్యదిమ్మకు ఒక చిన్న బల్ల, ఒక దీపం చాలు. పని మధ్యలో పిలుపు వస్తే లేచివెళ్ళి, తిరిగివచ్చి, విడిచిన గీత దగ్గరే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇంటి బాధ్యతలతో సతమతమయ్యే తల్లికి ఈ కళ ఎంతో అనుకూలమైనది.

ఈ కాలంలోనే ఆమె గ్రంథచిత్రణకు శ్రీకారం చుట్టింది. పినతండ్రి కుమార్తె, బాల్యస్నేహితురాలు అయిన ఫ్రాన్సెస్ కార్న్‌ఫర్డ్ కవయిత్రి. ఆమె కవితల సంపుటి 1915లో వెలువడినప్పుడు దానికి గ్వెన్ బొమ్మలు చెక్కింది. ఆధునిక కొయ్యచెక్కడపు బొమ్మలతో బ్రిటన్‌లో వెలువడిన తొలి గ్రంథాలలో అది ఒకటి. అది ప్రపంచయుద్ధం సాగుతున్న సమయం. మిత్రులలో పలువురు యుద్ధభూమిలో నేలకొరుగుతున్న వార్తలు వస్తున్నా, ఆ చిన్న సంపుటిలో అక్కచెల్లెళ్ళిద్దరూ వసంత ప్రభాతాన్ని నిలిపారు.

యుద్ధం ముగిసిన తరువాత 1920లో కొయ్యచెక్కడపు కళాకారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. రాబర్ట్ గిబ్బింగ్స్, నోయెల్ రూక్, లూసియెన్ పిసారో, జాన్ నాష్, ఎడ్వర్డ్ గోర్డన్ క్రెయిగ్ మొదలైన పదిమంది స్థాపక సభ్యులలో గ్వెన్ రావెరా ఏకైక మహిళ. బొమ్మను ఊహించినవారే దానిని చెక్కాలన్నది ఆ సంఘం ఆదర్శం. అదే సంవత్సరం లండన్‌లోని చెల్సీలో వారి తొలి ప్రదర్శన జరిగింది. నాటినుండి ఏటేటా జరిగిన ప్రదర్శనల వలన ప్రచురణకర్తల దృష్టి ఈ కళపై ప్రసరించింది. ఆధునిక చెక్కడపు కళాకారులను పరిచయం చేస్తూ హెర్బర్ట్ ఫర్స్ట్ అనే విమర్శకుడు 1920లో ఒక గ్రంథమాలను ప్రారంభించినప్పుడు, మొదటి పుస్తకాన్ని గ్వెన్ రచనలకే కేటాయించాడు. ముప్పైఅయిదేళ్ళ వయస్సుకే ఆమె తన రంగంలో ప్రథమశ్రేణి కళాకారిణిగా గుర్తింపు పొందింది.

గుర్తింపు లభించిన ఆ సమయంలోనే జాక్ ఆరోగ్యం మరింత క్షీణించింది. వెచ్చని వాతావరణం మేలు చేయగలదన్న ఆశతో 1920లో ఆ కుటుంబం దక్షిణ ఫ్రాన్సులోని వాన్స్ అనే కొండపట్టణానికి తరలివెళ్ళింది. అక్కడి ఎండ, రాతి మెట్ల వీధులు, ఆలివ్ తోటలు గ్వెన్ బొమ్మలకు కొత్త కాంతిని చేకూర్చాయి. ఆలివ్ పండ్లు సేకరించే స్త్రీలను, వీధిలో ఇనుప గుండ్లతో ఆటలాడే గ్రామస్థులను ఆమె ఎంతో ఆదరంతో చెక్కింది. మధ్యాహ్నపు ఎండ గోడలపై పడి మెరిసే తీరు, చెట్టుకింద పరచుకొనే నీడ ఆ చిన్న చిన్న అచ్చులలో అద్భుతంగా రూపుకట్టాయి. ఆ వెలుగుబొమ్మలు చెక్కిన చేతులే రోజులో అధికభాగం రోగి పరిచర్యలో గడిపేవి.

చివరి రోజులలో జాక్‌కు కలం పట్టే శక్తి కూడా లేకపోయింది. ప్రసిద్ధ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఆయనకు ఆప్తమిత్రురాలు. ఆయన చెప్తూ ఉంటే ఆమెకు లేఖలను గ్వెన్ వ్రాసేది. తన నవల మిసెస్ డాలోవే 1925లో ప్రచురణ పొందకముందే వర్జీనియా దాని అచ్చు ప్రతులను జాక్ కోసం పంపింది. దానిని చదివించుకొని ఆయన తన స్పందనను భార్యచేత వ్రాయించాడు. ఆ సంవత్సరం మార్చిలో ఆయన కన్నుమూశాడు. నలభై ఏళ్ళయినా నిండకముందే గ్వెన్ వితంతువు అయింది. ఇద్దరు చిన్నపిల్లలతో ఆమె స్వదేశానికి తిరిగివచ్చింది.

దుఃఖాన్ని దిగమింగి తిరిగి నిలదొక్కుకోవడానికి ఆమెకు పనియే ఆధారమయింది. 1928లో కేంబ్రిడ్జి సమీపంలోని హార్ల్‌టన్ గ్రామంలో ఒక పాత ఇంటిలో స్థిరపడింది. అదే సంవత్సరం ఆమెకు పత్రికారంగంలో ఒక విశిష్టమైన స్థానం లభించింది. లేడీ రోండా అనే వనిత 1920లో లండన్‌లో టైమ్ అండ్ టైడ్ అనే వారపత్రికను స్థాపించింది. ప్రారంభంలో దాని పాలకమండలిలోని సభ్యులందరూ స్త్రీలే. బ్రిటన్‌లో ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలలో కొందరికి 1918లో ఓటుహక్కు లభించగా, పురుషులతో సమానమైన ఓటుహక్కు 1928లో గాని లభించలేదు. అటువంటి సంధికాలంలో స్త్రీల అభిప్రాయాలకు ఆ పత్రిక వేదికగా నిలిచింది. రాజకీయాలతోపాటు సాహిత్యానికీ కళలకూ సముచిత స్థానం కల్పించింది. ఇ.ఎం. డెలాఫీల్డ్ వ్రాసిన హాస్య దినచర్య 1929 చివరినుండి దానిలో ధారావాహికగా వెలువడి పాఠకులను అలరించింది.

ఈ పత్రికలో గ్వెన్ 1928 నుండి 1939 వరకు చిత్రకళా విమర్శకురాలిగా పనిచేసింది. లండన్‌లో జరిగే ప్రదర్శనలను చూసి వాటి గుణదోషాలను నిష్పక్షపాతంగా వివరించింది. ఆమె చెక్కిన బొమ్మలు కూడా అందులో అచ్చయ్యాయి. ఒకే చేయి వ్యాసాన్నీ బొమ్మనూ అందించడం అరుదైన విషయం. పదకొండు సంవత్సరాలపాటు క్రమం తప్పక సాగిన ఈ పని ఆమె కుటుంబ పోషణకు తోడ్పడింది. కళను గురించి తీర్పు చెప్పే అధికారం అధికంగా పురుషుల చేతిలోనే ఉన్న కాలంలో ఒక స్త్రీ ఆ బాధ్యతను ఇంతకాలం నిర్వహించడం గమనింపదగినది.

కొయ్యచెక్కడపు బొమ్మలకూ పత్రికలకూ మధ్య ఒక సహజమైన అనుబంధం ఉన్నది. ఛాయాచిత్రాలను చుక్కల అచ్చులతో ముద్రించాలంటే నున్నని, ఖరీదైన కాగితం అవసరమయ్యేది. కొయ్యపై చెక్కిన స్పష్టమైన గీతలు సాధారణ కాగితంపైన కూడా చక్కగా పడతాయి. పైగా నలుపు తెలుపుల మధ్య ఉండే తీక్ష్ణమైన భేదం అక్షరాల వరుసల నడుమ పాఠకుని చూపును ఇట్టే నిలుపుతుంది. కేవలం ఈ కళకోసమే హెర్బర్ట్ ఫర్స్ట్ సంపాదకత్వంలో ది వుడ్‌కట్ అనే వార్షిక సంచిక 1927 నుండి 1930 వరకు వెలువడింది. చిత్రశాలకు వెళ్ళే తీరిక, స్తోమత లేని సామాన్య పాఠకుని ఇంటికి పత్రికలే కళను మోసుకొనివెళ్ళాయి.

గ్రంథ ప్రచురణలోనూ అది వైభవోజ్జ్వలమైన కాలం. చేతి ముద్రణపై మక్కువగల కొందరు సొంత ముద్రణాలయాలు నెలకొల్పి, పరిమిత సంఖ్యలో అందమైన గ్రంథాలను వెలువరించారు. రాబర్ట్ గిబ్బింగ్స్ 1924లో గోల్డెన్ కాకెరెల్ ముద్రణాలయాన్ని కొని, ఎందరో యువకళాకారులకు అవకాశాలు కల్పించాడు. అయితే ఆ గ్రంథాల ధర ఎక్కువ. 1929లో ఆరంభమైన ఆర్థిక మాంద్యం వాటి అమ్మకాలను దెబ్బతీసింది. గ్వెన్ ఆష్‌డీన్ ముద్రణాలయం 1933లో వెలువరించిన డాఫ్నిస్ అండ్ క్లోయీ ప్రేమకథకు బొమ్మలు చెక్కి సంపన్న పాఠకుల మెప్పు పొందింది. కాని ఆమె మనస్సు సామాన్య పాఠకులకు, ముఖ్యంగా బాలబాలికలకు అందుబాటులో ఉండే పుస్తకాలవైపే మొగ్గింది.

కెన్నెత్ గ్రేహమ్ బాలలకోసం కూర్చిన కవితా సంకలనం 1932లో ఆమె బొమ్మలతో వెలువడింది. 1934లో ఎ.జి. స్ట్రీట్ అనే రైతు వ్రాసిన వ్యవసాయ జీవిత గ్రంథానికి, 1935లో హాన్స్ ఆండర్సన్ కథలకు ఆమె బొమ్మలు సమకూర్చింది. బాల్యంలో తాను ప్రీతితో చదివిన ది రనవే అనే కథ మరుగున పడిపోగా, ప్రచురణకర్తలను ఒప్పించి 1936లో కొత్త బొమ్మలతో వెలుగులోకి తెచ్చింది. నాయనమ్మకు సోదరుడైన హెన్రీ అలెన్ వెడ్జ్‌వుడ్ వ్రాసిన ది బర్డ్ టాలిస్మన్ కథకు 1939లో రంగుల బొమ్మలు చెక్కింది. రంగుల బొమ్మకు ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క దిమ్మను వేరుగా చెక్కి, అన్నింటినీ సరిగా ఒకదానిపై ఒకటి పడేటట్లు ముద్రించాలి. ఇది ఎంతో ఓర్పును కోరే పని. 1938లో పెంగ్విన్ సంస్థ ఆరు పెన్నీల ధరకే పది సచిత్ర ప్రాచీన గ్రంథాలను వెలువరించినప్పుడు, వాటిలో లారెన్స్ స్టెర్న్ యాత్రాకథకు గ్వెన్ బొమ్మలు చెక్కింది. ఆ గ్రంథమాల ఎక్కువ కాలం సాగకపోయినా, మంచి కళను చౌకగా అందించవచ్చునన్న విషయాన్ని నిరూపించింది.

గ్వెన్ శైలికి ఒక ప్రత్యేకత ఉన్నది. సమకాలికులలో కొందరు నగిషీవంటి అలంకారాలకు, జ్యామితిని తలపించే ఆకృతులకు ప్రాధాన్యమిచ్చారు. ఆమె మాత్రం చిత్రకారుని కుంచెతో వేసినట్లుగా వెలుగునీడలను చెక్కింది. ఆకుల సందులనుండి జారే ఎండ, శీతకాలపు పొగమంచు, నదిలో కదిలే అలలు, పొలంలో వంగి పనిచేసే కూలీలు ఆమెకు ప్రియమైన విషయాలు. ఆమె బొమ్మలలో మహావీరులు, రాజప్రాసాదాలు అరుదు. గొర్రెల మంద, చెరువుగట్టు, ఆటలాడుకొనే పిల్లలు తరచుగా కనిపిస్తారు. మూడు నాలుగు అంగుళాల చోటులో ఒక సాయంకాలాన్ని సంపూర్ణంగా చూపగల నేర్పు ఆమెది.

ఆమె ప్రతిభ గ్రంథాలకే పరిమితం కాలేదు. కవి, చిత్రకారుడు విలియమ్ బ్లేక్ జోబు అనే భక్తుని కథకు చెక్కిన బొమ్మలను ఆధారంగా చేసుకొని ఒక నృత్యరూపకాన్ని రూపొందించాలని ఆమె చెల్లెలి భర్త జెఫ్రీ కీన్స్ సంకల్పించాడు. గ్వెన్ దానికి రంగాలంకరణను, వేషధారణను రూపొందించింది. చిన్న బొమ్మల రంగస్థలాన్ని తయారుచేసి దృశ్యాలను ముందుగా అమర్చిచూసింది. దూరపు బంధువైన ప్రసిద్ధ సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ సంగీతం సమకూర్చగా, నినెట్ డి వాల్వా నృత్యాన్ని కూర్చింది. 1931 జూలైలో లండన్‌లో తొలిసారి ప్రదర్శితమైన ఈ రూపకం ఆంగ్ల నృత్యకళా చరిత్రలో ఒక మైలురాయి.

గ్వెన్ వంటివారు వేసిన బాటలో ఎందరో నడిచారు. ఆగ్నెస్ మిల్లర్ పార్కర్ 1931లో ఈసపు కథలకు చెక్కిన జంతువుల బొమ్మలు, క్లేర్ లైటన్ 1933లో రైతు జీవితంలోని పన్నెండు నెలలను వర్ణిస్తూ చెక్కిన బొమ్మలు ఎంతో ప్రసిద్ధి పొందాయి. ఎరిక్ రవీలియస్ చెక్కిన ఇద్దరు క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మ 1938లో విజ్డెన్ క్రికెట్ వార్షిక గ్రంథం అట్టపై చేరి, తరతరాల క్రీడాభిమానులకు పరిచితమైనది. ఒకనాడు సంఘ స్థాపకులలో ఒకే ఒక స్త్రీ ఉండగా, రెండు దశాబ్దాలు తిరగకముందే ఈ కళలో స్త్రీలు ముందువరుసలో నిలిచారు. ఈ మార్పులో గ్వెన్ కృషికి గణనీయమైన భాగమున్నది.

1939లో రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. కాగితం కొరత ఏర్పడి అందమైన గ్రంథాల ప్రచురణ కుంటుపడింది. యుద్ధ చిత్రకారునిగా వెళ్ళిన రవీలియస్ 1942లో ఐస్‌లాండ్ సమీపంలో విమాన ప్రమాదంలో మరణించాడు. గ్వెన్ కూడా తన ఉలిని కొంతకాలం పక్కన పెట్టి, నౌకాదళ సమాచార విభాగానికి రేఖాచిత్రకారిణిగా సేవలందించింది. యుద్ధానంతరం తాను పుట్టి పెరిగిన న్యూన్‌హామ్ గ్రేంజ్ ఆవరణలోనే, నది అంచున ఉన్న ఓల్డ్ గ్రేనరీ అనే పాత ధాన్యపుకొట్టులో నివాసం ఏర్పరచుకొన్నది.

1951లో ఆమెకు పక్షవాతం వచ్చింది. స్థిరమైన చేతిని, నిశితమైన పట్టును కోరే కొయ్యచెక్కడం ఇక సాధ్యం కాలేదు. నలభై సంవత్సరాలకు పైగా తోడుగా ఉన్న ఉలి చేజారిపోయినా ఆమె మనస్సు కుంగిపోలేదు. తన బాల్య స్మృతులను గ్రంథంగా తీర్చిదిద్దడంలో నిమగ్నమైంది. పీరియడ్ పీస్ అనే ఆ గ్రంథం ఆమె గీసిన రేఖాచిత్రాలతో 1952లో వెలువడింది. డార్విన్ కుటుంబంలోని పెద్దల మంచితనాన్ని, వింత అలవాట్లను ఆమె అందులో చల్లని హాస్యంతో చిత్రించింది. జలుబు సోకుతుందన్న భయంతో సొంతంగా ఒక ముసుగును తయారుచేసుకొని ధరించిన మేనత్త ఎట్టీ ఉదంతం పాఠకులను కడుపుబ్బ నవ్విస్తుంది. ఆడపిల్లలకు బిగుతు దుస్తులు తొడిగి, అడుగడుగునా మర్యాదల పేరుతో కట్టడిచేసిన ఆనాటి పద్ధతులను ఆమె నవ్వుతూనే నిరసించింది. అరవై ఏడేళ్ళ వయస్సులో ప్రచురించిన ఈ మొదటి వచన గ్రంథం ఆమెకు బొమ్మలకంటె కూడా విస్తృతమైన ఖ్యాతిని సంపాదించిపెట్టింది.

1957 ఫిబ్రవరి 11న గ్వెన్ రావెరా కేంబ్రిడ్జిలో కన్నుమూసింది. మరి రెండేళ్ళకు, 1959లో, చెక్కడపు కళాకారుడు రెనాల్డ్స్ స్టోన్ ఆమె బొమ్మలను ఒక సంపుటిగా ప్రకటించాడు. ఆమె తన జీవితకాలంలో ఐదువందలకు పైగా బొమ్మలను చెక్కింది. ఆమె పుట్టి పెరిగిన గృహము, చివరి రోజులు గడిపిన ధాన్యపుకొట్టు, రెండూ 1964లో స్థాపితమైన డార్విన్ కళాశాలలో భాగమయ్యాయి. విద్యార్థినీ విద్యార్థులు సమానంగా చదువుకొనే ఆ ప్రాంగణం పక్కగా కామ్ నది నేటికీ ప్రవహిస్తున్నది.

గొప్ప వంశంలో జన్మించడం గ్వెన్‌కు దక్కిన అదృష్టం. ఆ వంశగౌరవంతో తృప్తి చెందక స్వయంకృషిని నమ్ముకోవడం ఆమె ఎంచుకున్న మార్గం. రోగపీడితుడైన భర్తకు సేవ చేసినా, పిల్లలను ఒంటరిగా పెంచినా, పత్రికలకు వారం వారం వ్రాసినా, ఆమె తన కళను ఏ దశలోనూ విడిచిపెట్టలేదు. తీరిక దొరికినప్పుడు పనిచేద్దామని ఎదురుచూడక, దొరికిన కొద్దిపాటి సమయాన్నే పనికి అనువుగా మలచుకొన్నది. నల్లని దిమ్మపై ఒక్కొక్క గీతతో వెలుగును నింపినట్లే, కష్టాలు కమ్ముకొన్న తన జీవితాన్ని కూడా ఆమె నిత్యకృషితో వెలిగించుకొన్నది. చిన్న పనిని శ్రద్ధతో, నిజాయితీతో చేసినవారి కృషి చిరకాలం నిలుస్తుందనడానికి గ్వెన్ రావెరా జీవితం ఉత్తమ నిదర్శనం.